తలుపు తీశారు... పలకడం లేదు!

ఈ శీర్షికలో ఇన్నాళ్లూ మీ కంప్యూటర్ల కష్టాలు చెప్పుకున్నాం. ఈ ఆదివారం మాత్రం మా ఇంటి కష్టం. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఉంది. ఊరందరికీ సలహాలు చెప్పేవాణ్ని కదా, నా సంగతి దాచుకుంటే బాగోదు.

పోయిన నెలలో మా ఆవిడ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, ఇంటికొచ్చాక రాత్రిళ్లు మంచం మీంచి లేపి వాకర్ అందించడానికి మనిషి పక్కనే ఉండాలి. ఆయాను పెడదామంటే ఆవిడ ససేమిరా అంది. నా నడుము సంగతి నాకే తెలుసు. విషయం తెలిసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా కోడలు ఫోన్ చేసింది. "నేనొస్తాను మావయ్యగారూ. నెలరోజులు ఇంటినుంచే పని చేసుకోమన్నారు" అని చెప్పి, శుక్రవారం సాయంత్రానికల్లా ల్యాప్‌టాప్ సంచీతో తెనాలిలో దిగింది.

ఆఫీసువాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. సోమవారం రాత్రి నుంచి ఆమె సర్వర్ పని ఆగకూడదు. ఆగితే వెనక్కి వెళ్లిపోవాలి.

ఆ రాత్రి భోజనాలయ్యాక, ఎందుకైనా మంచిదని ఒకసారి ఆఫీసు సర్వర్‌లోకి వెళ్లి చూసింది. పేరు కొట్టింది. పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కింది. అంతే! కర్సర్ మినుకుమినుకుమంటోంది. లోపలికి రమ్మనదు, పొమ్మనదు. ఐదు నిమిషాలు చూశాం. కిటికీ మూసి మళ్లీ తెరిచాం. మళ్లీ అదే వరస.

"పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నావేమో అమ్మాయ్" అన్నాను నేను. నా మాట మీద గౌరవంతో పాపం ఆమె ఆ రాత్రి పదిన్నరకి ఆఫీసు సహాయ విభాగానికి ఫోన్ చేసి, ఇరవై నిమిషాలు లైన్లో ఉండి, పాస్‌వర్డ్ మార్పించుకుంది. కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. మళ్లీ కర్సర్ మినుకుమినుకు!

అప్పుడు మా కోడలు ఒక మాటంది. "పాస్‌వర్డ్ తప్పయితే మళ్లీ అడగాలి కదా మావయ్యగారూ? ఇది అడగడం లేదుగా!"

మంచం మీంచి మా ఆవిడ అందుకుంది. "అంటే తలుపు తీశారు, లోపలికి రమ్మనడం లేదు. అంతేగా?"

సరిగ్గా అంతే. ముప్పై ఏళ్లుగా కంప్యూటర్లతో కాపురం చేస్తున్న నాకు తట్టనిది వాళ్లిద్దరికీ తట్టింది.

తలుపు దగ్గర ఏం జరుగుతుంది?

దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి మనింట్లోంచే వెళ్లి పని చేసుకోవడాన్ని రిమోట్ లాగిన్ అంటారు. సర్వర్లతో పనిచేసేవాళ్లు దీనికి ఎక్కువగా వాడేది ఎస్ఎస్‌హెచ్. ఒకప్పుడు ఈ పనికి టెల్‌నెట్ ఉండేది. అందులో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు బహిరంగంగా వెళ్లేది, దారిలో ఎవరైనా చదివేయొచ్చు. ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో అలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. దాంతో అక్కడి పరిశోధకుడు తాతు ఇలోనెన్ 1995లో ఎస్ఎస్‌హెచ్ తయారుచేశారు. ఇందులో అంతా సీలు వేసిన కవరులోనే వెళుతుంది.

ఈ లాగిన్ నాలుగు మెట్లుగా సాగుతుంది. ఒకటి, మన కంప్యూటర్ వెళ్లి సర్వర్ తలుపు తడుతుంది. రెండు, ఇద్దరూ కలిసి ఒక రహస్య భాష కుదుర్చుకుంటారు. మూడు, పాస్‌వర్డ్ అడిగి సరిచూస్తారు. నాలుగు, మీ ఫోల్డర్ తెరిచి, మీ సెట్టింగులు చదివి, ఆదేశాలు రాసుకునే చోటు చూపిస్తారు.

పాస్‌వర్డ్ తప్పయితే మూడో మెట్టు మీదే తెలిసిపోతుంది. ఒకటి రెండు క్షణాలాగి మళ్లీ అడుగుతుంది. మామూలుగా మూడుసార్లు అడిగి, అనుమతి లేదని పంపేస్తుంది. పాస్‌వర్డ్ కొట్టాక మౌనం పాటిస్తోందంటే మూడో మెట్టు దాటి ఉండే అవకాశమే ఎక్కువ. చూడాల్సింది నాలుగో మెట్టుని, ఇంటికీ సర్వర్‌కీ మధ్య దారిని. నాలాగా పాస్‌వర్డ్ మీద పడితే లాభం లేదు. పైగా మార్చే కంగారులో నిజంగానే తప్పులు కొడితే, చాలా ఆఫీసుల్లో ఖాతా తాళం పడిపోతుంది. అప్పుడు ఒక కష్టానికి రెండు కష్టాలు!

ముందు చిన్న అనుమానాలు తీర్చుకోండి

కొత్తవాళ్లు పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా పడవు. అది ఆగిపోవడం కాదు, దాని పద్ధతే అంత. కొట్టేసి ఎంటర్ నొక్కండి.

రెండోది, అలవాటు కొద్దీ కంట్రోల్, ఎస్ నొక్కారేమో. ఫైలు దాచుకోవడానికి నొక్కే ఆ మీటలే ఇక్కడ తెరని నిలిపేస్తాయి. కంట్రోల్, క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. ఈ ఒక్క మీటతో తీరిన కష్టాలు నేను చాలా చూశాను.

ఇక నిజంగానే బిగుసుకుపోయిన కనెక్షన్ నుంచి బయటపడాలంటే కిటికీ మూసేయక్కర్లేదు. ఎంటర్ నొక్కి, అల గుర్తు కొట్టి, ఆ పక్కనే ఒక చుక్క పెట్టండి. అల గుర్తు అంటే కీబోర్డు మీద ఒకటో అంకెకి ఎడమపక్క మీటని షిఫ్ట్‌తో కలిపి నొక్కితే వచ్చేది. ఎస్ఎస్‌హెచ్ వెంటనే వదిలేస్తుంది.

గడియారం చూడండి

తర్వాత చేయాల్సిన పని, ఎంతసేపు ఆగుతోందో కొలవడం. కాసేపాగి తనంతట తానే లోపలికి వెళుతోందా? ప్రతిసారీ దాదాపు ఒకే సమయం పడుతోందా? అలాగైతే సర్వర్ ఎవరినో ఏదో అడిగి, జవాబు రాక, విసిగి ముందుకెళుతోందన్నమాట. దాదాపు 25 సెకన్లు ఆగుతుంటే, లైనక్స్ సర్వర్‌లో లాగిన్లను నమోదు చేసే సేవ పలకడం లేదని మొదట అనుమానించాలి. ఐదు, పది సెకన్లయితే, చిరునామాలు వెతికిపెట్టే డీఎన్ఎస్ మీద అనుమానం. ఈ రెండూ సర్వర్ చూసుకునేవాళ్లు సరిచేయాల్సినవి. మీరు చేయగలిగింది, ఎన్ని సెకన్లు ఆగుతోందో కచ్చితంగా చెప్పడం. అది చెబితే వాళ్ల పని సగమైపోతుంది.

ఎంతసేపు చూసినా కదలకపోతే కథ వేరు. అప్పుడు ఒకే ప్రశ్న వేసుకోవాలి. తప్పు అవతల ఉందా, దారిలో ఉందా?

ఇది తేల్చడానికి ఖర్చులేని పరీక్షలు రెండున్నాయి. మొదటిది, ఆఫీసులో ఉన్న సహోద్యోగిని వాళ్ల పేరుతో లాగిన్ అవ్వమనండి. వాళ్లకీ ఆగిపోతే తప్పు సర్వర్‌దే. చాలాచోట్ల ఉద్యోగుల ఫోల్డర్లు వేరే కంప్యూటర్‌లో ఉంటాయి. అది పడుకుంటే పాస్‌వర్డ్ సరిపోయినా ఫోల్డర్ తెరుచుకోదు, అలా నిలబడే ఉంటాం. వాళ్లకి బాగానే ఉండి, మీకు మాత్రం ఎక్కణ్నుంచి వెళ్లినా ఆగుతుంటే, మీ ఖాతాలో లాగిన్ కాగానే నడిచే ఫైలు చూడాలి. ఎప్పుడో ఎవరో చెబితే రాసుకుని మరిచిపోయిన గీత ఒకటి అందులో ఉండొచ్చు.

రెండో పరీక్ష, ఇంటి నెట్ తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ మీద అదే ల్యాప్‌టాప్‌తో ప్రయత్నించడం. హాట్‌స్పాట్ మీద పనిచేసిందంటే పాస్‌వర్డ్, సర్వర్, ల్యాప్‌టాప్ మూడూ బాగున్నట్టే. తేడా మనింటి దారిలో ఉంది.

మా కోడలు శనివారం పొద్దున్నే మేడ మీదికెళ్లి హాట్‌స్పాట్ పెట్టింది. రెండు క్షణాల్లో లోపలికెళ్లింది! "హమ్మయ్య, మేడ మీద కూర్చుని పని చేసుకో" అనడానికి లేదు. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ మేడ మీదే వస్తుంది. మా ఆవిడ మంచం కింద గదిలో ఉంది. రాత్రి రెండింటికి ఆవిడ పిలిస్తే వినపడేంత దూరంలో ఉండటానికే కదా, ఆ పిల్ల ఇంతదూరం వచ్చింది!

వంతెన కింద లారీ

ఇంటి దారిలో తప్పుంటే తరచుగా దొరికే దొంగ, మూటల పరిమాణం. ఇంటర్నెట్‌లో సమాచారం చిన్న చిన్న మూటలుగా వెళుతుంది. ఇంట్లో తీగల మీద మూటకి మామూలు హద్దు 1500 బైట్లు. చాలా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్లు పీపీపీఓఈ అనే పద్ధతిలో నడుస్తాయి. అది తన సొంతానికి 8 బైట్లు వాడుకుంటుంది. మిగిలేది 1492. ఆఫీసు వీపీఎన్ కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది.

అంటే దారిలో ఒక తక్కువ ఎత్తు వంతెన ఉందన్నమాట. స్కూటర్లు దూరిపోతాయి, నిండా సరుకెత్తిన లారీ దూరదు. అప్పుడు వంతెన కాపలావాడు 'ఇంత ఎత్తు పట్టదు, తగ్గించుకుని రా' అని కబురు పంపాలి. 1990 నుంచీ ఉన్న నియమమే ఇది. కానీ కొన్నిచోట్ల రక్షణ పేరుతో ఫైర్‌వాల్ ఆ కబుర్లని కూడా ఆపేస్తుంది. ఇక పంపినవాడు అదే లారీని మళ్లీ మళ్లీ పంపుతుంటాడు. చిన్న సందేశాలు వెళుతుంటాయి కాబట్టి కనెక్షన్ ఉన్నట్టే ఉంటుంది. పెద్ద మూట రాగానే అంతా నిలిచిపోతుంది. రహస్య భాష కుదుర్చుకునే చోటే ఆగొచ్చు. లోపలికెళ్లాక పొడుగాటి జాబితా ఏదైనా తెరవగానే ఆగొచ్చు.

దీన్ని విండోస్‌లో మీరే పరీక్షించుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి సర్వర్ పేరు రాయండి. దీనికి జవాబు రాకపోతే ఆ సర్వర్ పింగ్‌కి పలకదన్నమాట, ఈ పరీక్ష మీకు పనికిరాదు. జవాబొస్తే ఈసారి పింగ్ తర్వాత అడ్డగీత పెట్టి ఎఫ్, మళ్లీ అడ్డగీత పెట్టి ఎల్, తర్వాత 1472, ఆపైన సర్వర్ పేరు రాయండి. అక్షరాలన్నీ చిన్నబడివే. 1472కి తలపట్టీల 28 కలిపితే 1500 అవుతుంది. అది వెళ్లకపోతే 1464తో చూడండి. అది 1492 లెక్క. పెద్ద మూటకి 'ముక్కలు చేయాలి' అన్న అర్థంతో సందేశం వస్తే కాపలావాడు పలుకుతున్నట్టే. ఏమీ చెప్పకుండా సమయం మించిపోతే మాత్రం కబురు దారిలోనే పోతోందని అనుమానించండి.

మందు సులువే. రూటర్ పేజీలోనో, కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లోనో ఎంటీయూ అనే చోట 1400 పెట్టి చూడండి. కంప్యూటర్‌లో మారిస్తే, అది సంభాషణ మొదట్లోనే 'నాకు ఇంతకన్నా పెద్ద మూటలు పంపొద్దు' అని సర్వర్‌కి చెప్పేస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మార్చేముందు ఆఫీసువాళ్లని అడగండి.

ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది లైనక్స్. అక్కడా ఇలాంటి పరీక్షే చేశాం. 1472 దగ్గర 'ముక్కలు చేయాలి' అని శుభ్రంగా సందేశం వచ్చింది. 1464 హాయిగా వెళ్లింది. మా వంతెన కాపలావాడు బుద్ధిమంతుడే. దొంగ వాడు కాదు. శనివారం మధ్యాహ్నమైంది. హైదరాబాద్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, ఆదివారం రాత్రి రైలుకి టికెట్ తీయమంటారా అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు, అటు తిరిగి పడుకుంది.

కవరు మీద ముద్ర

నిజానికి మొట్టమొదటే చేయాల్సిన పని ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. ఎస్ఎస్‌హెచ్ అని కొట్టాక అడ్డగీత పెట్టి మూడు చిన్న వి అక్షరాలు చేర్చి, ఆ తర్వాత సర్వర్ పేరు కొడితే, అది చేసే ప్రతి పనినీ తెర మీద చెప్పుకుంటూ పోతుంది. బస్సు కండక్టర్ స్టాపుల పేర్లు అరిచినట్టు. ఎక్కడ నోరు పడిపోతే అక్కడే బండి ఆగిందన్నమాట.

మా కోడలు అలా నడిపి, గీతలు ఒక్కొక్కటే పైకి చదివింది. పాస్‌వర్డ్ సరిపోయిందని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది! నేను మార్పించిన పాస్‌వర్డ్ నిన్న కూడా సరైనదే అయి ఉంటుంది. ఆ తర్వాత రెండు మూడు గీతలు. చిట్టచివరి గీతలో ఐపీ టీఓఎస్ అని, పక్కన సున్నా ఎక్స్ 48 అని ఉంది. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఏమిటీ టీఓఎస్? ప్రతి మూట మీదా ఒక చిన్న ముద్ర వేసే చోటుంటుంది. 'ఇది త్వరగా పంపండి', 'ఇది నిదానంగా వెళ్లినా ఫరవాలేదు' అని దారిలోని యంత్రాలకి చెప్పడానికి. పాస్‌వర్డ్ సరిపోయి, మనిషి కూర్చుని పని మొదలెట్టే వేళకి ఎస్ఎస్‌హెచ్ ఈ ముద్ర వేస్తుంది. అందాకా వేయదు. 2018 ఆగస్టులో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 7.8లో ఈ ముద్ర గుర్తులు మార్చారు. కొత్త గుర్తు తప్పేం కాదు. కానీ దాన్ని సరిగా అర్థం చేసుకోని రూటర్లు, నెట్‌వర్క్ ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. అవి ఆ ముద్ర ఉన్న మూటల్ని చెత్తబుట్టలో వేస్తాయి. అందుకే అంతవరకూ బాగా నడిచి, సరిగ్గా పాస్‌వర్డ్ తర్వాతే నోరు మూసుకోవడం. 'అర్జెంట్' అని రాసిన పాపానికి ఉత్తరాన్ని పోస్టాఫీసు చింపేసినట్టు!

మందు ఒక్క గీత. ఇంట్లోని కంప్యూటర్‌లో ఎస్ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైలు ఉంటుంది. మీ ఫోల్డర్లో చుక్క ఎస్ఎస్‌హెచ్ అనే ఫోల్డర్, అందులో కాన్ఫిగ్ అనే ఫైలు. దాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, పి, క్యూ, ఓ, ఎస్ అని, ఖాళీ వదిలి ఎన్, ఓ, ఎన్, ఇ అని రాయాలి. ప్రత్యేకంగా ఏ ముద్రా వేయొద్దని అర్థం.

రాసింది. పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది. ఎంటర్ నొక్కింది. నేను ఊపిరి బిగబట్టాను. తెర మీద సర్వర్ స్వాగతం పలికింది!

బుధవారం నాడు నెట్ కుర్రాడొచ్చి రూటర్ మార్చాడు. ఆ గీత తీసేసి చూశాం, కొత్త రూటర్ మీద అది లేకుండానే పనిచేసింది. దొంగ ఎవరో అలా రుజువైంది.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడేవారికి

చాలామందికి ఆఫీసులో నల్ల తెర ఎస్ఎస్‌హెచ్ కాదు, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ఉంటుంది. అక్కడా ఇదే వరస. పాస్‌వర్డ్ ఒప్పుకుని, స్వాగతమంటూ చక్రం తిరుగుతూనే ఉంటుంది, లేదా తెర నల్లగా నిలిచిపోతుంది. ముందు హాట్‌స్పాట్ పరీక్షే చేయండి. తర్వాత కనెక్షన్ సెట్టింగుల్లో మీ ఇంటి ప్రింటర్లనీ డ్రైవులనీ అవతలికి జతచేసే టిక్కులు తీసేసి చూడండి. తెర నల్లగా ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎండ్ కలిపి నొక్కండి. అది అవతలి కంప్యూటర్‌కి కంట్రోల్, ఆల్ట్, డిలీట్‌తో సమానం. మెనూ వచ్చిందంటే అవతల ప్రాణం ఉన్నట్టే, సైన్ అవుట్ చేసి మళ్లీ రావచ్చు.

ఒక్క జాగ్రత్త. సహాయం అడిగేటప్పుడు ఆ మూడు వి అక్షరాల గీతలు పంపండి, అవి చాలా పనికొస్తాయి. అయితే అందులో మీ పేరు, సర్వర్ చిరునామా ఉంటాయి కాబట్టి ఆఫీసువాళ్లకే పంపండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరడిగినా, ఎంత కంగారులో ఉన్నా చెప్పొద్దు.

గుర్తుంచుకోండి

- మళ్లీ అడిగితే పాస్‌వర్డ్ అనుమానం. అడక్కుండా ఆగితే పాస్‌వర్డ్ జోలికి పోవద్దు.
- కంట్రోల్, క్యూ నొక్కి చూడండి. ఎన్ని సెకన్లు ఆగుతోందో కొలవండి.
- మూడు వి అక్షరాలతో నడిపి చివరి గీత రాసుకోండి.
- ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తే తేడా ఇంటి దారిలోనే.
- దారిలో అయితే ముందు మూట పరిమాణం, తర్వాత ముద్ర.

సోమవారం రాత్రి మా కోడలు కింద గదిలోనే మంచం పక్కన బల్ల వేసుకుని పనిచేసింది. రెండింటికి మా ఆవిడ పిలిస్తే ల్యాప్‌టాప్ పక్కన పెట్టి లేచింది. మా అబ్బాయి టికెట్ తీయలేదు. పాత పాస్‌వర్డే బాగుండేదనీ, కొత్తది గుర్తుండటం లేదనీ మా కోడలు అప్పుడప్పుడూ అంటుంటుంది. నేను వినపడనట్టు పేపరు తిప్పుకుంటాను.